ఆఖరి ముక్క తిన్నదెవరు?

లవాన్ స్కోగెన్ ఉద్యోగం పోయిన సంగతి ఊరంతటికీ తెలుసు. ఎందుకు పోయిందో కూడా తెలుసు. ఆమె బాధంతా ఆ రెండోదాని గురించే.

గడ్డకట్టిన సరస్సు మీదికి లాక్కెళ్లి, అడుగున మంచుకు చిల్లు పెట్టి, లోపల వెచ్చగా కూర్చుని చేపలు పట్టుకునే గుడిసెలు తయారుచేస్తుంది స్టోర్‌వాక్ కంపెనీ. వాటికి తలుపులు బిగించడం ఇరవై ఏళ్లుగా లవాన్ పని. కెనడా నుంచి వచ్చే కొనుగోలుదార్ల కోసం పెట్టిన ఖర్జూరం బిళ్లల పళ్లెం మొత్తం ఖాళీ చేసిందని కొత్త మేనేజరు క్రెగ్ లాటిమర్ ఆమెను నవంబరులో ఇంటికి పంపాడు. మొదట నిరుద్యోగ భృతి వచ్చింది. తర్వాత కంపెనీ అడ్డు పడింది. దొంగతనం దుష్ప్రవర్తన అట, దుష్ప్రవర్తన మీద తీసేసినవాళ్లకు భృతి లేదట. భృతి ఆగిపోయింది. లవాన్ అప్పీలు చేసుకుంది.

ఈ పొద్దు ఫోన్లో విచారణ. గెలిస్తే చలికాలం గడిచిపోతుంది. ఓడితే గ్యాస్ ట్యాంకు నింపించడానికి కూడా దారి లేదు. మిన్నెసోటాలో జనవరిలో గ్యాస్ లేని ఇల్లంటే చేపలు దాచుకోవడానికి తప్ప పనికిరాదు. పైగా శనివారం కూతురు కార్నా పెళ్లి.

ఇల్లంతా పెళ్లి పూలతో, చుట్టాలతో నిండి ఉంది. అందుకే లవాన్ ఎవరికీ చెప్పకుండా తమ్ముడు వెర్లిన్ గుడిసెకు వచ్చేసింది. సరస్సు నడిమధ్యన ఫోన్ సిగ్నల్ ఊళ్లో కన్నా బాగుంటుంది. తోడు కాబోయే అల్లుడు డెరెక్ వచ్చాడు. కలప లారీ నడిపే ఆ ఆజానుబాహువే ఆమెకున్న ఒకే ఒక్క సాక్షి. ఆ రోజు కంపెనీకి సరుకు తెచ్చినప్పుడు, లవాన్ ఆ గదిలోంచి చేతిలో చిన్న ముక్కతో మాత్రమే బయటికి రావడం అతను కళ్లారా చూశాడు.

విచారణకు ఇంకా కాసేపుంది. స్టవ్ పక్కన దాల్చినచెక్క కేకు రేకు. అందులో ఒక్క ముక్క మిగిలింది.

"అక్కా, తీసుకో," అన్నాడు వెర్లిన్.

"నువ్వు తీసుకోరా."

"నాకొద్దు. కడుపు నిండింది."

"నాకూ నిండింది."

ఇద్దరికీ ఆకలిగానే ఉంది. లవాన్ కత్తి తీసుకుని ముక్కను రెండు చేసి సగం తిన్నది. వెర్లిన్ కాసేపు గాలం వంక చూసి, మిగిలిన సగాన్ని మళ్లీ సగం చేశాడు. లవాన్ దాన్ని ఇంకో సగం చేసింది. చివరికి రేకు మూలన బొటనవేలి గోరంత మిగిలింది. దాన్ని ఇక కత్తి కూడా కోయలేదు. ఇద్దరూ చేతులు దులుపుకున్నారు.

డెరెక్ ఇదంతా నోరు తెరుచుకుని చూశాడు. "మిస్ లవాన్, అది ఎవరికోసం ఉంచారండీ?"

"ఎవరికోసమూ కాదు నాయనా."

"మరెందుకుంది?"

"ఉండాలి కాబట్టి," అన్నాడు వెర్లిన్. "ఆఖరి ముక్క తినే మొహం ఈ జిల్లాలో ఎవరికీ లేదు. మా నాన్న చావుకి వండిన బంగాళాదుంపల కూరలో ఆఖరి గరిటెడు ఈస్టరు దాకా చర్చి ఫ్రిజ్‌లో ఉంది."

"మా అలబామాలో అయితే అలా వదిలేసి లేస్తే వండినావిడ మళ్లీ మన మొహం చూడదండీ."

"అక్కడ ఎండలెక్కువ కదా," అన్నాడు వెర్లిన్, సమస్తానికీ అదే కారణమన్నట్టు.

ఫోన్ మోగింది.

లవాన్ దాన్ని తిరగేసిన బకెట్టు మీద పెట్టి స్పీకరు నొక్కింది. అవతల జడ్జి మార్డెల్ ఓస్ట్‌బీ. నడివయసు గొంతు, తొందర లేని గొంతు. కంపెనీ తరఫున మేనేజరు లాటిమర్, ఆఫీసు గుమస్తా జోలీన్ ఎంగెన్ ఉన్నారని చెప్పింది. జోలీన్ పేరు వినగానే లవాన్ ముఖం వాడిపోయింది. ఇద్దరూ చర్చి పాటల బృందంలో పక్కపక్కన నిలబడేవాళ్లు. నవంబరు నుంచి జోలీన్ రెండో వరుసలోకి మారిపోయింది.

"మీ సాక్షి అక్కడే ఉన్నాడా?" అని అడిగింది జడ్జి. "మిగతావాళ్లు చెప్పేది అతను వినకూడదు. బయటికి పంపండి."

"బయట మైనస్ ఇరవై అండీ," అంది లవాన్.

"బండి ఉందా?"

"ట్రక్కుంది."

"హీటరు వేసుకుని కూర్చోమనండి."

డెరెక్ వంగి బయటికి నడిచాడు. తలుపు వెనకే చప్పుడు లేకుండా మూసుకుంది. అది లవాన్ బిగించిన తలుపు. ఆమె బిగించిన తలుపు ఈ సరస్సు మీద ఒక్కటి కూడా కిర్రుమనదు.

"మొదట మిసెస్ స్కోగెన్," అంది జడ్జి. "అప్పీలు చేశారు. మీకు భృతి ఇప్పించమంటారా?"

"ఇస్తే వద్దనను," అంది లవాన్. "ఇవ్వకపోయినా ఏమీ అనుకోను."

వెర్లిన్ ఆమె బూటు మీద తన్నాడు.

అవతల ఒక నిట్టూర్పు వినిపించింది. "రెండోసారి అడుగుతున్నాను. కావాలా?"

"ఇంకెవరికైనా ఎక్కువ అవసరముంటే వాళ్లకే..."

"మూడోసారి, మిసెస్ స్కోగెన్."

"కావాలండీ," అంది లవాన్ చప్పున.

"రాసుకున్నాను."

"ఏమిటిది?" అన్నాడు లాటిమర్. అతను ఎక్కడో ఎడారిలోని ఫీనిక్స్ నుంచి వచ్చి ఏడాది కూడా కాలేదు. "మొదటిసారే వద్దనలేదా ఆవిడ?"

"లేదు," అన్నారు జడ్జి, జోలీన్ ఒకేసారి.

లాటిమర్ గొంతు సవరించుకుని తన కథ మొదలుపెట్టాడు. కొనుగోలుదార్లు విమానం దిగి మూడు గంటలు కారులో వచ్చారు. వాళ్ల కోసం జోలీన్ ఇంట్లో స్వయంగా ఖర్జూరం బిళ్లలు చేసి సమావేశాల గదిలో పెట్టింది. తాను ఘనంగా తలుపు తెరిచి, "మా ఊరి రుచి చూడండి" అన్నాడు. బల్ల మీద ఖాళీ పళ్లెం. కెనడావాళ్లు పళ్లెం వంకా, తన వంకా చూశారు. ఆర్డరు ఇవ్వకుండానే వెళ్లిపోయారు. ఆ పొద్దున ఆ గదిలోకి వెళ్లింది లవాన్ ఒక్కతే. ఆమె చొక్కా మీద ఖర్జూరం మరక కూడా ఉంది.

"అది దొంగతనం," అన్నాడు. "కంపెనీ నష్టపోయింది. ఇంకా దీనికి ప్రభుత్వం ఈవిడకి డబ్బివ్వాలా?"

"మిసెస్ స్కోగెన్, ఆయన్ని మీరేమైనా ప్రశ్నలడుగుతారా?"

లవాన్ రెండు వారాలుగా ప్రశ్నలు తయారుచేసుకుంది. అద్దం ముందు నిలబడి గట్టిగా చదివింది కూడా. "ఏం లేవండీ. ఆయనకి బోలెడు పనులుంటాయి, పాపం," అంది.

వెర్లిన్ రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

సరిగ్గా అప్పుడే గాలపు కర్రకు కట్టిన గంట గణగణ మోగింది. చేప పడింది. వెర్లిన్ లేచి, గంటను గుప్పిట్లో నొక్కిపట్టి, రెండో చేత్తో దారం లాగడం మొదలుపెట్టాడు. నోటితో అక్కకు ఏవో సైగలు చేశాడు. చేప చిల్లులోంచి బయటపడి బకెట్టును తోకతో కొట్టింది. బకెట్టు మీది ఫోను ఎగిరి లవాన్ ఒళ్లో పడింది.

"అక్కడేం జరుగుతోంది?" అని అడిగాడు లాటిమర్.

ప్రమాణం చేసి ఉన్నందువల్ల లవాన్ అబద్ధమాడలేదు. "చేపండీ."

"వాలై చేపేనా?" అంది జడ్జి.

"కాదండీ. ఎవరూ తినని జిడ్డు పైకు."

"అయ్యో," అంది జడ్జి, మనస్ఫూర్తిగా. "కానివ్వండి. మిస్ ఎంగెన్, మీ వంతు. లవాన్ స్కోగెన్ ఆ గదిలోకి ఎందుకు వెళ్లింది?"

అవతల జోలీన్ దగ్గింది.

"మిస్ ఎంగెన్?"

"వచ్చిందండీ."

"ఎందుకొచ్చిందని అడుగుతున్నాను."

"తలుపు కిర్రుమంటోందని నేనే పిలిచాను. కెనడావాళ్లొచ్చేసరికి బాగుచేయమని."

లవాన్ ఫోను వైపు వంగింది. ఈ మాట జోలీన్ నవంబరులో చెప్పి ఉంటే అసలు ఇంత దూరం వచ్చేదే కాదు.

"పళ్లెం దగ్గర ఏం జరిగింది?"

"తలుపు బాగుచేసింది కదా, ఒకటి తీసుకో అన్నానండీ."

లాటిమర్ కుర్చీ కీచుమంది. "జోలీన్, ఈ సంగతి నాతో ఎప్పుడూ చెప్పలేదే?"

"మీరు అడగలేదు కదండీ. ఎవరు తిన్నారని అడిగారు. ఎవరు పెట్టారని అడగలేదు."

"ఆవిడ తీసుకుందా?" అంది జడ్జి.

"వద్దంది."

"అయితే తీసుకోలేదన్నమాట," అన్నాడు లాటిమర్. "చూశారా, వద్దని, తర్వాత దొంగతనంగా..."

"మిస్టర్ లాటిమర్, ఒక్క నిమిషం." జడ్జి గొంతులో మొదటిసారిగా చురుకు వినిపించింది. "మిస్ ఎంగెన్. ఎన్నిసార్లు అడిగారు?"

గుడిసెలో స్టవ్ మంట చప్పుడు వినిపిస్తోంది. వెర్లిన్ చేతిలో పైకు కూడా కదలడం మానేసింది.

"మూడుసార్లండీ," అంది జోలీన్. "మూడోసారి సరేనంది. అదీ ఒకటి తీసుకోలేదు. కత్తి అడిగి సగం కోసుకుంది. కాగితంలో పట్టుకుని వెళ్లిపోయింది. లవాన్, నన్ను క్షమించు. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. పాటల్లో కూడా నీ పక్కన నిలబడలేకపోయాను."

"పరవాలేదు జోలీన్," అంది లవాన్. "రెండో వరుసలో నీ గొంతు బాగానే వినిపిస్తోంది." అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. ఇద్దరూ ముక్కులు తుడుచుకున్నారు.

"మూడుసార్లడిగితే ఏమిటి, ముప్పైసార్లడిగితే ఏమిటి," అన్నాడు లాటిమర్. "సరే, సగం ఇచ్చారనుకుందాం. మిగతా పళ్లెమంతా ఏమైంది? ఆ గది ఉన్నది వసారా చివర. ఆ వసారాలో ఇంకో గది లేదు. ఈవిడ కాకపోతే ఇంకెవరు?"

ఆ ప్రశ్నలో పదునుంది. వెర్లిన్ దిగులుగా అక్క వంక చూశాడు. జడ్జి కాగితాలు తిరగేస్తున్న చప్పుడైంది.

"పళ్లెం ఖాళీ అన్నారు. పూర్తిగా ఖాళీయా?"

"పూర్తిగా."

"ఒక మూలన కూడా ఏమీ లేదా? సగం, పావు, చిన్న ముక్క?"

"ఒక్క పొడి లేదు మేడమ్. నాకినట్టుంది. కెనడావాళ్లకి అందులో మా మొహాలు కనిపించాయి."

ఫోన్ తెగిపోయిందేమోనని లాటిమర్ రెండుసార్లు హలో అన్నాడు.

"జోలీన్," అని మెల్లగా పిలిచింది లవాన్, విచారణ సంగతే మరిచిపోయి. "ఆఖరి ముక్క కూడానా?"

"ఆఖరిది కూడా," అంది జోలీన్. "ఖాళీ పళ్లెం అన్నారు గానీ, ఉద్యోగం పోతుందన్న భయంలో ఆ సంగతి నాకు తట్టనేలేదు."

"అదొక రకంగా ఉంది," అంది జడ్జి. ఆ ప్రాంతంలో ఒక మనిషి గురించి అంతకన్నా ఘోరమైన మాట అనరు. "మిస్టర్ లాటిమర్, ఇది తీర్పు కాదు, నా అనుమానం. దొంగ మా వాడు కాదు. ఇక్కడ పుట్టి పెరిగినవాడు బ్యాంకునైనా దోచుకుంటాడు గానీ, అందులో ఒక నోటు మిగిల్చి వస్తాడు."

వెర్లిన్ కళ్లు మెరిశాయి. అక్క చెవిలో గుసగుసలాడాడు. "ఫీనిక్సువాడు. వాడే తిని నీ మీదికి తోశాడు. అడుగు. ఈసారి అడక్కపోతే ఈ చేపతోనే కొడతాను."

లవాన్ గుండె దిటవు చేసుకుంది. "మిస్టర్ లాటిమర్, మీరేమీ అనుకోకపోతే... ఆ బిళ్లలు మీరు తిన్నారా?"

"అందులో అక్రోటు ఉంది," అన్నాడు లాటిమర్ విసుగ్గా. "అక్రోటు వాసన తగిలితే నా గొంతు వాస్తుంది. జోలీన్‌ని అడగండి, పోయినేడు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది తనే."

"నిజమేనండీ," అంది జోలీన్. "ఫుట్‌బాల్ అంత అయింది మొహం."

వెర్లిన్ చేపను చిల్లులోకి జారవిడిచాడు.

"అయితే ఆ రోజు కంపెనీలో బయటి ప్రాంతంవాళ్లు ఇంకెవరున్నారో తేలాలి," అంది జడ్జి. "అది తేలితే మిసెస్ స్కోగెన్ భృతి ఈ వారమే మొదలవుతుంది. తేలకపోతే మిగిలేది ఆవిడ మాట, ఆయన మాట. అప్పుడు నేను హామీ ఇవ్వలేను. మీ సాక్షిని పిలవండి. పేరు?"

"డెరెక్ పోమ్‌రాయ్ అండీ," అంది లవాన్ ఉత్సాహంగా. "మా కాబోయే అల్లుడు. కలప దింపడానికొచ్చి ఆ వసారాలోనే నన్ను చూశాడు. నా చేతిలో సగం ముక్కే ఉందని చెబుతాడు."

వెర్లిన్ గుడిసె గోడ మీద రెండు దెబ్బలు కొట్టాడు. ట్రక్కులో ఉన్నవాణ్ణి పిలవడానికి అదే గుర్తు. లవాన్ ఫోన్ని మళ్లీ బకెట్టు మీద నిలబెట్టి, తడి తుడుస్తూ కూర్చుంది. మనసు తేలికపడింది. డెరెక్ మంచి పిల్లాడు. నిజం తప్ప మాట్లాడడు. ఆ రోజు వసారాలో ఎదురైనప్పుడు టోపీ తీసి గోడవారన నిలబడి తనకు దారిచ్చాడు. ఎంత మర్యాద.

వసారాలో ఎదురయ్యాడు.

తడి తుడుస్తున్న చెయ్యి ఆగిపోయింది.

తను గదిలోంచి వస్తోంది. అతను ఎదురుగా వస్తున్నాడు. ఆ వసారాలో ఇంకో గది లేదు.

"హాజరండీ," అన్నాడు డెరెక్.

లవాన్ ఉలిక్కిపడి తల తిప్పింది. తలుపు తెరుచుకున్నదీ తెలియలేదు, మూసుకున్నదీ తెలియలేదు. డెరెక్ అప్పటికే స్టవ్ పక్కన కూర్చుని చలికి ఎర్రబడ్డ చేతులు కాచుకుంటున్నాడు. పక్కన కేకు రేకు ఉంది.

మూలన గోరంత ముక్క లేదు. రేకు అద్దంలా మెరుస్తోంది.

వెర్లిన్ కూడా చూశాడు. తిన్నది గోరంతే. కానీ అది కాబోయే అల్లుడు తిన్న గోరంత.

"కుడిచెయ్యి పైకెత్తండి మిస్టర్ పోమ్‌రాయ్," అంది జడ్జి. "నిజమే చెబుతానని ప్రమాణం చేస్తున్నారా?"

"చేస్తున్నానండీ." ఎత్తిన చేతి మీద దాల్చినచెక్క పొడి ఉంది. అతని ముఖంలో ఏ కల్మషమూ లేదు. అత్తగారిని కాపాడబోతున్నానన్న గర్వం తప్ప మరేమీ లేదు.

"మీది ఏ ఊరు?"

"అలబామా అండీ."

అవతల జోలీన్ ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడు ఫోన్లో స్పష్టంగా వినిపించింది. జోలీన్‌కు తెలిసిందంటే సాయంత్రానికి చర్చికి తెలుస్తుంది, రాత్రికి కార్నాకు తెలుస్తుంది. కలప కంపెనీకి తెలిస్తే డెరెక్ ఉద్యోగమూ పోతుంది. పెళ్లినాడు పెళ్లికొడుకు కూడా భృతికి అప్పీలు పెట్టుకోవాల్సి వస్తుంది.

అతను నిజం చెబితే లవాన్ ఇల్లు ఈ వారమే వెచ్చబడుతుంది. ఫోన్ మీద ఎర్ర గుర్తు ఒకటి ఉంది. దాన్ని నొక్కితే విచారణ తెగిపోతుంది. దానితోపాటు భృతి కూడా.

"మంచిది," అంది జడ్జి. "ఒకే ఒక్క ప్రశ్న. మిసెస్ స్కోగెన్ బయటికి వెళ్లాక, ఆ గదిలో మీరేం చేశారు?"

డెరెక్ నవ్వుతూ నోరు తెరిచాడు.

లవాన్ వేలు ఎర్ర గుర్తు మీదికి వెళ్లింది.